ఎత్తిన చేతులు

బుధవారం నాడు రాయదుర్గం గుట్ట మీది క్వారీలో, బండలు పగలగొట్టడానికి పెట్టిన తూటాల్లో పేలకుండా మిగిలిపోయినది ఒకటి ఆలస్యంగా పేలింది. ఏడో తరగతి పిల్లలకు రాళ్ల పాఠం చెబుదామని గుట్ట ఎక్కించిన ట్రైనింగు టీచర్ రత్నమాల కళ్లముందే, సక్కుబాయి అనే పిల్ల తలకు రాయి తగిలి కుప్పకూలింది. పిల్ల ఇప్పుడు పట్నంలో పెద్ద దవాఖానలో ఉంది. ఇంకా కళ్లు తెరవలేదు. క్వారీలో ఈల ఊదే ఐలయ్య ఠాణాలో ఉన్నాడు. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది రత్నమాల పోలీసులకు చెప్పిన ఒకే ఒక్క మాట.

"రెండో ఈల పిల్లలందరూ విన్నారండీ."

ఆ మాట అన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. మాట అబద్ధం కాదు. అయినా చెప్పులో దూరిన ముల్లులా అడుగడుగునా గుచ్చుకుంటోంది. సోమవారం ఐలయ్యను కోర్టుకు తీసుకువెళ్తారు. అక్కడ కూడా ఆమె ఆ మాటే చెప్పాలి.

ఈలోగా శనివారం వచ్చింది. సెమినారు రోజు.

బడి వదిలారు. పిల్లల గోల మట్టిబాట వెంట కొండాపూర్ ఊళ్లోకి పోయి సద్దుమణిగింది. ఏడో తరగతి గదిలో, పొట్టి బల్లల కింద మోకాళ్లు ఇరికించుకుని బి.ఇడి. ట్రైనీలు కూర్చున్నారు.

ఆ సెమినారు పద్ధతే వేరు. ఈ వారం నేనెక్కడ తప్పాను, మళ్లీ అదే పాఠం చెప్పాల్సివస్తే ఏం చేస్తాను అని ఎవరికి వారు లేచి చెప్పుకోవాలి. పక్కవాడి తప్పు ఎత్తకూడదు. కాకపోతే, చెప్పినదాని మీద ఎవరికైనా అనుమానం వస్తే ఆ ముక్క మళ్లీ చేసి చూపించమని అడగొచ్చు. అప్పుడు తోటి ట్రైనీలే పిల్లలై కూర్చుంటారు.

ట్రైనీల్లో ఒకడైన బుల్లిబాబు దీనికి 'చాకిరేవు' అని పేరు పెట్టాడు. "ఉతుక్కునేది మన బట్టలేనండీ, మరకలు మాత్రం ఊరంతా చూస్తుంది," అనేవాడు. అతనిది తణుకు. డ్రిల్లు క్లాసులు అతనివే. పిల్లలందరూ సంచి ఎడమ భుజానికే తగిలించుకోవాలని, వరస చూడముచ్చటగా ఉండాలని మొదటి రోజే రూలు పెట్టాడు. అతని మెడలో నల్లతాడుకు ఎప్పుడూ ఒక ఈల వేలాడుతూ ఉండేది. లోపల గింజ గిరగిరా తిరిగే ఈల. శనివారం అతను అది ఊదితేనే సెమినారు మొదలయ్యేది.

ఇవాళ ఈల మోగలేదు. లెక్చరర్ పార్థసారథి డస్టరుతో బల్ల మీద కొట్టాడు. 'ఈల చప్పుడు వినే ఓపిక ఈ వారం ఎవరికుంటుందిలే' అనుకుంది రత్నమాల.

గది రెండుగా చీలి ఉంది. రెండేళ్ల కిందటి ప్రత్యేక రాష్ట్రం గొడవలు పైకి చల్లారాయి గానీ బూడిద కింద నిప్పు నిప్పే. కిటికీ వైపు బల్లల మీద కోస్తా నుంచి వచ్చినవాళ్లు, గోడ వైపు ఇక్కడివాళ్లు. గోడ వైపు మొదటి బల్ల మీద నర్సింహ. మూసాపేట నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వస్తాడు. ఐలయ్య అతనికి సొంత మేనమామ. బుధవారం నుంచి అతను రత్నమాల ముఖం చూడలేదు. ఇవాళ ఆమె మీద నుంచి చూపు తిప్పడం లేదు.

రత్నమాల పక్కన వీరలక్ష్మి. హాస్టల్లో ఒకే గది, ఒకే అద్దం. అదే ఏడో తరగతికి ఆమె లెక్కలు చెబుతుంది. ఈ నాలుగు రోజులూ రత్నమాలకు బలవంతాన మజ్జిగ తాగించింది ఆమే. ఇవాళ ఆమె చేతులే చల్లగా ఉన్నాయి.

"రత్నమాలా, నువ్వు చెప్పు," అన్నాడు పార్థసారథి. "క్లుప్తంగా. అనుమతి లేకుండా పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం పొరపాటు, ఇక ముందు చెయ్యను అని చెప్పి కూర్చో. ఆ రోజు నేను పట్నంలో కాలేజీలో ఉండిపోయాను గానీ, ఇక్కడుంటే మిమ్మల్ని గుట్ట దాకా పోనిచ్చేవాణ్ణే కాదు. ప్రిన్సిపాల్‌గారికీ అదే చెప్పాను."

రత్నమాల లేచింది.

"హద్దుకు ఎర్రగుడ్డ కట్టిన చోటే పిల్లల్ని ఆపానండీ. మొదటి ఈల ఊదారు. తూటాలు పేలాయి. ఇక రెండో ఈల ఊదితే, పని అయిపోయింది, ముందుకు రావచ్చు అని అర్థం. అక్కడ లారీ ఇంజను ఆన్ చేసి ఉంది. ఆ రొదలో నాకు ఈల వినిపించలేదు. అందుకే పిల్లల్ని అడిగాను. రెండో ఈల విన్నవాళ్లు చేతులెత్తండర్రా అన్నాను. అందరూ ఎత్తారు. ఎంత హుషారుగా ఎత్తారంటే... మెడలో గంట కట్టిన దూడల్లా ఉన్నారు. నాకు నవ్వు కూడా వచ్చింది. పదండి అన్నాను."

పార్థసారథి డస్టరుతో బల్ల తట్టాడు.

"చాలు, కూర్చో."

"చాలదు సార్." నర్సింహ లేచాడు. "మళ్లీ చేసి చూపియ్యమనండి."

"నర్సింహా! ఇదేమన్నా పంచాయితీనా?"

"పంచాయితీ కాదు సార్, మీరు పెట్టిన రూలే. మొన్న నా పాఠం మూడుసార్లు చేపిచ్చిన్రు. నేను చేసిన. కిక్కురుమన్ననా?" అతను రత్నమాల వైపు తిరిగాడు. "మేడం, మా మామ ఒక్కటే చెప్తుండు. ఒక తూటా పేల్లే, నేను రెండో ఈల ఎట్ల ఊదుత బిడ్డా అంటున్నడు. మీరేమో అందరు ఇన్నరంటున్నరు. ఇద్దరిల ఒకరిది అబద్ధమైతది గద. మా మామ కల్లు తాగుతడు, ఒప్పుకుంట. అబద్ధం మాత్రం ఆడడు."

"నేను ఆడతానా?" రత్నమాలకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గదే చూద్దమంటున్న."

"చేసి చూపిద్దామండీ," అంది ఆమె. పార్థసారథి వద్దనేలోపే బల్లల ముందుకు వచ్చి నిలబడింది.

ట్రైనీలు ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ లేచి వరసలో నిలబడ్డారు. కోస్తావాళ్లు లేరు, ఇక్కడివాళ్లు లేరు, అందరూ కలిసి ఏడో తరగతి అయ్యారు.

"సంచులు వేసుకోండి," అన్నాడు నర్సింహ. "పిల్లలకు సంచులుండె. ఏది ఎట్ల జరిగెనో గట్లనే చెయ్యాలె."

"ఎడమ భుజానికండోయ్, డ్రిల్లు మాస్టారి రూలు," అన్నాడు బుల్లిబాబు. నవ్వించబోయాడు గానీ గొంతు కీచుమంది. గుడ్డసంచులు, తోలుసంచులు, భోజనం డబ్బాల సంచులు ఎడమ భుజాలకెక్కాయి.

రత్నమాల కళ్లు మూసుకుంది. ఎండ. వేడెక్కిన రాతివాసన. లారీ రొద. ఎర్రగుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. కళ్లు తెరిచి, ఆ రోజు అడిగిన గొంతుతోనే అడిగింది.

"రెండో ఈల విన్నవాళ్లు చేతులెత్తండర్రా!"

చేతులు లేచాయి.

రత్నమాల చూస్తోంది. ఏదో తేడా ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఏదో లేదు. కూరలో ఉప్పు మరిచినట్టు, నాలుకకు తెలుస్తోంది గానీ పేరు తట్టడం లేదు.

"ఏమైంది మేడం?"

"దూడలు..." అంది రత్నమాల.

"ఆఁ?"

"దూడల్లా లేరు." ఆమె మొదటి వరస దగ్గరికి వచ్చింది. "ఆ రోజు సంచులు పిల్లల మెడల దగ్గరికి జారి గడ్డాల కింద ఊగాయండీ. అందుకే నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు మీ సంచులు కదల్లేదు. ఎక్కడివక్కడే ఉన్నాయి." ఆమె బుల్లిబాబు ముందు ఆగింది. "బుల్లిబాబుగారూ, ఆ చెయ్యి దించండి. రెండోది ఎత్తండి."

బుల్లిబాబు కుడిచెయ్యి దించి ఎడమచెయ్యి ఎత్తాడు. భుజం మీది సంచి జర్రున మెడ దగ్గరికి జారి, ఛాతీ మీద గంటలా ఊగింది.

అదే. అచ్చం అదే.

"ఎడమచేతులు ఎత్తారు," అంది రత్నమాల మెల్లగా. "అందరూ ఎడమచేతులే ఎత్తారు."

"అయితే ఏమిటమ్మా?" పార్థసారథి విసుక్కున్నాడు. "ఏ చెయ్యైతేనేం, ఎత్తారుగా!"

"జర ఆగండి సార్." నర్సింహ నుదుటి నరం ఉబ్బింది. "ఖాళీ చెయ్యి ఇడిసిపెట్టి, సంచి ఉన్న చెయ్యి ఎవడన్న ఎత్తుతడా? ఒక్కడంటే ఎడమచేతి వాటం అనుకుందం. అందరికందరు ఎత్తుడేంది?"

వెనక వరసలోంచి చిన్న చప్పుడు వచ్చింది. ఎవరో వెక్కిళ్లు మింగుతున్న చప్పుడు.

వీరలక్ష్మి సంచి నేలకు జారిపోయింది. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"వీరా?" అంది రత్నమాల.

"నేనే నేర్పానే," అంది వీరలక్ష్మి వేళ్ల సందుల్లోంచి. "నా పరీక్ష పాఠం రోజు... సారు వచ్చి వెనక కూర్చుంటారుగా. పిల్లలు చేతులెత్తకపోతే మార్కులు పోతాయని ముందురోజే కూర్చోబెట్టి నేర్పాను. ప్రశ్న అడగ్గానే ఒక్క చెయ్యి కూడా కిందుండకూడదర్రా, తెలిసినవాళ్లు కుడిచెయ్యి ఎత్తండి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తండి అన్నాను. కుడిచేతుల వాళ్లనే లేపి అడిగాను. అందరూ టకటకా చెప్పారు..."

రత్నమాలకు ఒక్కొక్కటే అర్థమైంది.

ఆ రోజు గుట్ట మీద పిల్లలు అబద్ధం చెప్పలేదు. ట్రైనింగు టీచర్లందరిదీ ఒకటే పద్ధతి అనుకున్నారు. ఈల విన్నారా అని టీచరమ్మ అడిగింది. వినలేదు టీచర్ అని వాళ్లు చెప్పారు. నోటితో కాదు, తమకు నేర్పిన భాషలో. ఆ భాష రాని టీచరమ్మ పదండి అంది. పెద్దవాళ్ల మాట, కదిలారు. తర్వాత ఠాణా నుంచి అమీన్ సాబ్ వచ్చి చేతులెత్తినారా అని గద్దిస్తే ఎత్తినం సార్ అన్నారు. ఏ చెయ్యి అని అడగాలని ఆయనకు మాత్రం ఎలా తడుతుంది?

"నాలుగు రోజులు!" అంది రత్నమాల. "నాలుగు రోజులుగా నా పక్కనే పడుకున్నావే. నాకు మజ్జిగ కలిపి ఇచ్చావే!"

"నాకు తెలియదే! ఒట్టు. ఏ చెయ్యో నువ్వు ఎప్పుడూ అనలేదుగా. ఇవాళ నువ్వు దూడలు అన్నాక... అప్పుడు..." అంది వీరలక్ష్మి.

నర్సింహ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మా అత్త నాలుగొద్దుల సంది ఠాణా గోడకు ఒరిగి కూసున్నది," అన్నాడు నెమ్మదిగా. "అమీన్ సాబ్ ఏమన్నడో తెలుసా? చదువుకున్న టీచరమ్మ అబద్ధమాడుతదానే అన్నడంట. మార్కుల కోసం పిల్లలకు దొంగ చేతులు నేర్పెటోళ్లా చదువుకున్నోళ్లు?"

"మాటలు తిన్నగా రానీ!" పార్థసారథి లేచాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఆయన కోపానికి వేరే కారణం కూడా ఉందని అందరికీ తెలుసు. వీరలక్ష్మి పాఠం చూసి, 'క్లాసంటే ఇదీ! ఒక్క చెయ్యి కిందుందా చూడండి' అని ఇదే గదిలో మెచ్చుకున్నది ఆయనే. అందరికంటే ఎక్కువ మార్కులు వేసిందీ ఆయనే.

ఆయన గబగబా నడిచి వెళ్లి తలుపు మూసి గొళ్లెం పెట్టాడు.

"వినండి. ఈ సెమినారులో చెప్పుకున్నవి ఈ గది దాటకూడదు. మొదటి రోజే అనుకున్నాం. ఈ మాట బయటికి పొక్కితే వీరలక్ష్మి పని అయిపోతుంది. రత్నమాల పని అయిపోతుంది. మీ అందరి సర్టిఫికెట్లూ అనుమానంలో పడతాయి. కాలేజీ పరువు సంగతి సరేసరి. ఐలయ్యకు మహా అయితే కొన్నాళ్లు శిక్ష పడుతుంది. క్వారీవాళ్లు వకీలును పెట్టుకుంటారు."

"క్వారీవాళ్లు ఆయన్ని ఆ రోజే పనిలోంచి తీసేశారండీ," అంది రత్నమాల.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ముల్లు ఎక్కడుందో తెలిసింది. ఇక తీసెయ్యడమే.

ఆమె సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?"

"ఠాణాకండీ. నేను చెప్పింది తప్పని చెప్పడానికి."

"ఆలోచించుకో. నీ ప్రాక్టికల్ మార్కులు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. సెక్రటేరియట్‌లో పనిచేసే మీ నాన్నగారు అక్కడ నలుగురికీ ఏం సమాధానం చెబుతారు?"

"ఈ వారం నేనెక్కడ తప్పానో చెప్పమన్నారుగా సార్. చెప్పాను. మళ్లీ అయితే ఏం చేస్తానో కూడా చెప్పాలన్నారు." ఆమె తలుపు వైపు నడిచింది. "అది చెయ్యబోతున్నాను."

నర్సింహ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. "నా సైకిలుంది మేడం. ఎనుక కూసుంటరా?"

పార్థసారథి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడే బయటినుంచి తలుపు దబదబా మోగింది.

"టీచరమ్మా! ఓ టీచరమ్మా! లోపటున్నవా?"

ఆడగొంతు. నర్సింహ చెయ్యి చాపి, లెక్చరర్ భుజం మీదుగానే గొళ్లెం తీశాడు.

గడప అవతల నీలమ్మ నిలబడి ఉంది. సక్కుబాయి తల్లి. జుట్టు రేగిపోయి, కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. పట్నం బస్సు దిగి పరుగెత్తుకొచ్చినట్టుంది. ఏం చెప్పడానికి వచ్చింది ఈమె?

"నా బిడ్డ కండ్లు తెరిచిందమ్మా!"

రత్నమాల తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. "మాట్లాడిందా?"

"మాట్లాడింది. ముందుగాల మంచినీళ్లడిగింది. తర్వాత నీ పేరే తీసింది. టీచరమ్మను తిట్టొద్దే అమ్మా, నేనే చెప్పిన, నేను ఈల ఇన్న అంటున్నది."

నర్సింహ గడప దాకా వచ్చాడు. "ఏంది? ఇన్నదా?"

"ఇన్నదంట అయ్యా. లైను చివర్ల నిలబడ్డదంట. బండ ఎనుకనుంచి ఇనొచ్చిందంట."

రత్నమాల కళ్లముందు గుట్ట మళ్లీ నిలిచింది. మెడల దగ్గర ఊగుతున్న సంచులు. వరస చివర పొడుగ్గా, బక్కగా సక్కుబాయి. ఆ ఒక్క పిల్ల సంచి మాత్రం భుజం మీదే కదలకుండా ఉంది. అవును. ఆ పిల్ల ఎత్తింది కుడిచెయ్యి.

సక్కుబాయి నిజంగానే ఈల వింది.

"అయితే మా మామ..." అన్నాడు నర్సింహ.

"ఐలన్న ఈల కాదంట బిడ్డా!" నీలమ్మ గట్టిగా తల అడ్డంగా ఊపింది. "గదే చెప్పొస్తున్న. ఐలన్నది ఇత్తడిది, కూ... అని మోగుతది. మాకు పొద్దుమాపు అలవాటేనాయె. ఇది గట్ల కాదంట. గిర్రుమని మోగిందంట, బళ్లె డ్రిల్లు ఈల లెక్క. సార్లెవరో పిలుస్తున్నరనుకున్నదంట పిచ్చిది."

అన్ని తలలూ ఒక్కసారే తిరిగాయి.

బుల్లిబాబు చెయ్యి తన మెడ దగ్గరికి పోయింది. అక్కడ నల్లతాడు లేదు. బుధవారం నుంచీ లేదు.

"నేను కాదండీ!" అతను అందరి వైపూ తిరిగి చూశాడు. "అమ్మ తోడు, నేను కాదు. బుధవారం ప్రార్థన అయ్యాక ఈల స్టాఫ్‌రూములో బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నం చూస్తే లేదు. ఈలోగా గుట్ట మీద ఈ ఘోరం జరిగింది. ఈల పోయిందంటే నా మెడకే చుట్టుకుంటుందని నోరు మూసుకున్నానండీ!"

"ఇంకేం, దొంగ దొరికాడు," అన్నాడు పార్థసారథి.

రత్నమాల బుల్లిబాబును చూసింది. భయం ఉంది ఆ ముఖంలో. కానీ అది తను నాలుగు రోజులుగా అద్దంలో చూసుకున్న భయమే. ఆమె గదిలోకి రెండడుగులు వెనక్కి వేసింది. ట్రైనీలు ఇంకా వరసలోనే నిలబడి ఉన్నారు, ఎడమ భుజాలకు సంచులతో.

"అడగాల్సింది ఇంకొకటుంది," అంది. "బుధవారం ఆ బల్ల మీది ఈల ఎవరు తీశారో తెలిసినవాళ్లు చేతులెత్తండి."

బయట నీలమ్మ ఆయాసపడుతున్న ఊపిరి వినిపిస్తోంది.

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. నెమ్మదిగా, ఎవరో పైనుంచి నొక్కుతున్నట్టు, ఆగి ఆగి లేచింది.

వీరలక్ష్మిది.

ఈసారి రత్నమాల ముందు చూసింది, అది ఏ చెయ్యో.

కుడిచెయ్యి.

కన్నీళ్లతో తడిసిన ఆ కళ్లు మాత్రం రత్నమాలను చూడడం లేదు. తెరిచిన తలుపును మళ్లీ మెల్లగా ముందుకు నెడుతూ, గొళ్లెం కోసం తడుముకుంటున్న, బుధవారం పట్నంలోనే ఉన్నానన్న పార్థసారథి చేతిని చూస్తున్నాయి.